పిల్లల క్యాంపుకి వాలంటీరుగా వస్తున్నారా? చెన్నైలో పోలీస్ వెరిఫికేషన్‌కి దరఖాస్తు ఇలా

చెన్నైలో మనవాళ్ల సంఘాలు నడిపే ఆదివారం తెలుగు బడి, వేసవి క్యాంపు, స్కౌట్ బృందం, కోలాటం క్లాసు... వీటిలో దేనికి సాయం చేస్తానని వచ్చినా మేం ముందు అడిగేది పోలీస్ వెరిఫికేషన్ రిపోర్టు, అంటే ఆ మనిషి మీద కేసులేమైనా ఉన్నాయేమో రికార్డుల్లో చూసి పోలీసులు ఇచ్చే కాగితం. మొదటిసారి అడిగినప్పుడు మా సంఘంలో ఓ పెద్దాయన మొహం ముడుచుకున్నారు. ‘‘ఇరవై ఏళ్లుగా చూస్తున్నారు, ఇప్పుడు నేను దొంగనయ్యానా?’’ అన్నారు. ‘‘మీరు ముందు తెచ్చిస్తే, రేపు కొత్తగా వచ్చేవాణ్ణి అడగడానికి మాకు నోరొస్తుందండీ’’ అన్నాను. వారంలోపు దరఖాస్తు పెట్టేశారు.

ఇది మేం కల్పించిన రూలు కాదు. పిల్లల మీద లైంగిక నేరాలు అరికట్టడానికి వచ్చిన 2012 పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనల్లో మూడోది ఈ మాటే చెబుతుంది. బడి, క్రెష్, ఆటల అకాడమీ, ఇంకా పిల్లలతో తరచూ పని ఉండే ఏ సంస్థయినా సరే, పిల్లల దగ్గర మసిలే సిబ్బందికి ఎప్పటికప్పుడు పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. పర్మినెంటా, కాంట్రాక్టా అన్న తేడా లేదు. పిల్లల భద్రత మీద వాళ్లకి శిక్షణ కూడా ఇప్పించాలి. ‘‘అందులో ఉన్నది ఉద్యోగుల గురించి కదా, మావాళ్లు జీతం తీసుకోరు’’ అని వాదించేవాళ్లున్నారు. క్యాంపులో రాత్రి పిల్లల గదికి కాపలా ఉండేది ఎవరు? ఆ జీతం లేని వాలంటీరే కదా.

ముందు సరైన సైట్ దొరకాలి. నేను తిన్నగా పాస్‌పోర్ట్ సేవా సైట్‌కి వెళ్లి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఫారం నింపడం మొదలుపెట్టాను. ‘ఏ దేశానికి’ అన్న గడి వచ్చేదాకా బుర్ర వెలగలేదు. అది విదేశాల్లో ఉద్యోగానికో, దీర్ఘకాలం ఉండటానికో వెళ్లేవాళ్లకి ఇచ్చేది. పెరంబూరులో పిల్లలకి పద్యాలు నేర్పడానికి పనికిరాదు. మనకి కావలసింది తమిళనాడు పోలీసుల ఈ-సర్వీసెస్ సైట్‌లో ఉండే పోలీస్ వెరిఫికేషన్ సేవ. గూగుల్‌లో వెతికితే ‘మేం చేసిపెడతాం’ అనే ఏజెంట్ల పేజీలూ వస్తాయి. అడ్రస్ చివర ‘గవ్ డాట్ ఇన్’ లేకపోతే వెనక్కి వచ్చేయండి.

లోపలికి వెళ్లాక మీకు ఏ రకం వెరిఫికేషన్ కావాలో ఎంచుకోవాలి. మీ గురించి మీరే పెట్టుకుంటే వ్యక్తిగతం. సంస్థ తరఫున, పనిలో పెట్టుకునే మనిషి గురించి అడిగేది వేరే. అద్దెకి ఉండేవాళ్లకీ, ఇంటి పనివాళ్లకీ కూడా విడివిడిగా ఉంటాయి, పొరపాటున వాటిలోకి పోకండి. చిన్న సంఘాలకి నా సలహా, వాలంటీరు చేత వ్యక్తిగతంగా పెట్టించి ఫీజు సంఘమే ఇవ్వడం. ఒకవేళ సంస్థే పెడితే ఆ మనిషి దగ్గర రాతపూర్వకంగా అంగీకారం తీసుకోండి. వెనకాల విచారణ చేయించారన్న మాట పడొద్దు.

ఫోటో, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు స్కాన్ చేసి దగ్గర పెట్టుకుని కూర్చోండి. అసలు తిప్పలు పేరు దగ్గర మొదలవుతాయి. తమిళనాడులో ఇనిషియల్ అంటే తండ్రి పేరు. మనకి ఇంటిపేరు. ‘కె. వెంకటరమణ’ అని రాస్తే, ఆ ‘కె’ కృష్ణమూర్తో కోటేశ్వరరావో అనుకుంటారు తప్ప, కొమ్మినేని అని ఇక్కడ ఎవరికీ తట్టదు. పోలీసులు రికార్డుల్లో వెతికేది పేరు, తండ్రి పేరు, చిరునామా పట్టుకునే. అందుకని ఇంటిపేరు పొడి అక్షరంతో కాకుండా పూర్తిగా రాయండి. తండ్రి పేరు ఆ గడిలోనే రాయండి. స్పెల్లింగ్ ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లు ఏ పేరుతో కార్డు ఉందో ఒకసారి తీసి చూసుకోవడం మేలు.

తర్వాత డోరు నంబరు. చెన్నైలో సగం ఇళ్లకి పాతదొకటి, కొత్తదొకటి. మా గేటు మీద రెండూ ఉన్నాయి, ఒకటి సున్నంతో, ఒకటి రేకు మీద. కార్డులో ఒకటే ఉన్నా ఫారంలో రెండూ ఇవ్వండి. పోలీస్ స్టేషన్ ఎంచుకునే దగ్గరా జాగ్రత్త. 2022 జనవరి నుంచి ఆవడి, తాంబరం వేరే పోలీస్ కమిషనరేట్లు అయ్యాయి. అంబత్తూరులో ఉండేవాళ్లు ఇంటిపన్ను చెన్నై కార్పొరేషన్‌కే కడతారు, పోలీసు లెక్కలో మాత్రం ఆవడి కిందికి వస్తారు. మీ స్టేషన్ ఏదో తెలియకపోతే వీధి చివర మెడికల్ షాపులో అడగండి, మ్యాప్ కన్నా నయం.

ఫీజు వ్యక్తి పెడితే ఒకలా, సంస్థ పెడితే ఒకలా ఉంటుంది. స్క్రీన్ మీద చూపించినంతే ఆన్‌లైన్‌లో కట్టండి, చేతికి విడిగా ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. దరఖాస్తు నంబరు రాసిపెట్టుకోండి, ఎంతవరకు వచ్చిందో దానితోనే చూసుకోవాలి. స్టేషన్ నుంచి ఫోన్ వస్తే టెన్షన్ పడొద్దు. పిల్లల క్యాంపు కోసమని చెప్పి, ఒరిజినల్ కార్డు చూపించండి.

రిపోర్టు వచ్చాక వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన ఫోటో ఒప్పుకోవద్దు. ఆ మనిషినే కూర్చోబెట్టి, ఆయన లాగిన్‌లోంచి మీ ఎదురుగా డౌన్‌లోడ్ చేయించండి. నిరుడు నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చినవాళ్లయితే ఇక్కడి కాగితం ఒక్కటీ చాలదు. అక్కడి చిరునామా మీద అక్కడి పోలీసుల నుంచి ఇంకోటి తెమ్మనండి. లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ 2018లోనే వచ్చింది కానీ, అది పోలీసులు, దర్యాప్తు సంస్థల కోసం. మనం తెరిచి చూసేది కాదు.

ఇంతా చేసి ఆ కాగితం చెప్పేది ఒక్కటే, రికార్డులో కేసు కనబడలేదని. ఎవరూ ఫిర్యాదు చేయని మనిషికి కూడా అదే కాగితం వస్తుంది. అందుకే సంఘం సొంత ఫారం ఒకటి ఉండాలి. అందులో అంతకుముందు ఎక్కడ పిల్లలతో పనిచేశారు, ఎందుకు మానేశారు అన్న రెండు ప్రశ్నలు, చుట్టాలు కాని ఇద్దరి ఫోన్ నంబర్లు ఉంటే చాలు. ఆ ఇద్దరికీ నిజంగా ఫోన్ చేయండి. ‘‘మీ పిల్లల్ని ఆయనతో క్యాంపుకి పంపుతారా?’’ అని అడిగి ఆగండి. నేనలా అడిగినప్పుడు ఒకరు ‘మంచివాడేనండీ’ అనడానికి చాలాసేపు తీసుకున్నారు. ఆ అబ్బాయికి లెక్కల పుస్తకాలు చూసే పని ఇచ్చాం, క్యాంపుకి పంపలేదు.

అదే ఫారంలో వాలంటీరు సంతకం పెట్టాల్సిన షరతులు కొన్ని ఉంటాయి. మూసిన గదిలో ఒక పెద్ద, ఒక బిడ్డ ఒంటరిగా ఉండకూడదు. తల్లిదండ్రులు లేని గ్రూపులో పిల్లలకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు. ఒక్క బిడ్డనే బండి మీద ఇంటికి దింపకూడదు. ఈ మూడోదానికే మావాళ్లు ఎక్కువ గొణిగారు.

ఫారం వెనక మేం అచ్చువేయించింది ఇది: పద్దెనిమిది నిండని బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న భయం ఉన్నా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా. ముందు కమిటీలో మాట్లాడుకుందాం అనడానికి వీల్లేదు. నిజాయితీగా చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, అప్పుడు పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. ఫోన్ చేయాల్సింది పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, లేదా ఎమర్జెన్సీ నంబరు 112కి. వాటి కింద ఒక గీత ఖాళీగా వదిలాం, దగ్గరలోని మహిళా పోలీస్ స్టేషన్ నంబరు ఎవరికి వాళ్లు చేత్తో రాసుకోవడానికి.