బడి అయిపోయాక – 3వ పాఠం: మన సాయాన్ని లెక్కపెట్టడం

కిందటి పాఠంలో ఒక హోంవర్క్ ఇచ్చాను. ప్రత్యేక అవసరాలున్న మీ అమ్మాయికో అబ్బాయికో 25 ఏళ్లు వచ్చాక ఒక మామూలు మంగళవారం ఎలా గడవాలో వాళ్లనే అడిగి రాయమన్నాను. మాటలు రాని పిల్లలైతే ఫోటోలు ముందుపెట్టి, దేన్ని పట్టుకుంటారో దేన్ని పక్కకు నెడతారో చూడమన్నాను. ఆ కాగితం ఈరోజు కావాలి. రాయనివాళ్లు ఇక్కడే ఆగి రాసుకుని రండి, లేకపోతే ఈ పాఠంలో మీకు మిగిలేది నా సోదే.

అందులోంచి ఒక్క వాక్యం తీయండి. "తొమ్మిదింటికి పనికి వెళ్తాను" అని ఉందనుకుందాం. అలాంటి రోజు కోసం బడిలో ఉండగానే సిద్ధం చేయడాన్ని ట్రాన్సిషన్ ప్లానింగ్ అంటారు. అమెరికాలో స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టంలోకి ఇది 1990లో వచ్చింది. 2004 సవరణ ప్రకారం విద్యార్థికి 16 ఏళ్లు వచ్చేసరికి ఐఈపీలో, అంటే ఆ ఒక్క విద్యార్థి కోసం రాసే చదువు ప్లాన్‌లో, చదువు లేదా శిక్షణ, ఉద్యోగం, అవసరమైతే సొంతంగా బతకడానికి కావాల్సిన నైపుణ్యాలు, వీటి మీద కొలవగలిగే లక్ష్యాలు ఉండాలి. ఆ ప్లాన్ రాసే మీటింగ్‌కు విద్యార్థినీ పిలవాలి. మీరున్న చోట నియమం ఏదైనా, "కొలవగలిగే" అన్న మాట మాత్రం అరువు తెచ్చుకుందాం. "స్వతంత్రంగా తయారవుతాడు" అని ప్లాన్‌లో రాస్తే ఎవరూ కాదనరు. ఏడాది తర్వాత ఎవరూ తిరిగి చూడరు కూడా.

మా అబ్బాయికి 17 ఏళ్లప్పుడు, "పొద్దున్నే వాడంతట వాడే తయారవుతాడు" అని మీటింగ్‌లో ధీమాగా చెప్పాను. టీచర్ ఏమీ అనలేదు, రేపు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి చూడమన్నారంతే. సాయంత్రం విన్నాను. "లేచావా? బ్రష్? కుళాయి కట్టేశావా? ఆ చొక్కా కాదు. బెల్టు. బ్యాగులో డబ్బా పెట్టావా?" లెక్కపెడితే 11 మాటలు, అన్నీ నావే. పనులన్నీ వాడే చేశాడు, కానీ ఒక్కటీ వాడు మొదలుపెట్టలేదు.

అందుకే ముందు మన సాయాన్ని కొలుద్దాం. మీరు తీసిన వాక్యంలోంచి ఒక పని పట్టుకుని ముక్కలు చేయండి. దీన్నే టాస్క్ అనాలిసిస్ అంటారు. ముక్క ఎంత చిన్నగా ఉండాలని అందరూ అడుగుతారు. సాఫీగా సాగేచోట పెద్దగానే ఉంచండి, పిల్లలు ఆగిపోయే చోట చిన్నది చేయండి. మావాడికి "బ్యాగు సర్దడం" ఒక్క లైనులో సరిపోలేదు. తలుపు పక్కన అతికించిన ఫోటో చూడడం, డబ్బా, నీళ్ల సీసా, తాళంచెవి, ఐడీ కార్డు ఒక్కొక్కటీ పెట్టడం, జిప్ వేయడం. ఆ జిప్ మూల దగ్గర వేళ్లకు అందక అక్కడే నిలబడిపోయేవాడు. దానికో కీ రింగ్ తగిలించాం. రెండు నెలలుగా నేర్పుతున్నది ఆ పూటతో తీరిపోయింది.

ప్రతి ముక్క పక్కన ఒక అక్షరం వేయండి: తనంతట చేస్తే "త", సైగ చేస్తే "సై", మాటతో చెప్తే "మా", చేసి చూపిస్తే "చూ", చేయి పట్టుకుని చేయిస్తే "చే". 5 రోజులు కొత్తగా ఏమీ నేర్పకండి, రాసుకోండి చాలు.

ఆ తర్వాత "మా" ఉన్న చోట్ల మొదలుపెట్టండి. మాట సాయం చేయడం తేలిక, మాన్పించడమే చాలా కష్టం. గోడ మీది ఫోటో మనం ఇంట్లో లేకపోయినా ఉంటుంది, మన గొంతు ఉండదు కదా. మాట నోటిదాకా వచ్చినప్పుడు ఆగి మనసులో 5 లెక్కపెట్టండి. కొందరికి 10 కావాలి. అప్పటికీ కదలకపోతే ఫోటో వైపు వేలు చూపించండి. ఆలస్యమైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంటుంది, కాబట్టి సెలవు రోజున ప్రారంభించండి. ఇక ఫోటో, అలారం జీవితాంతం ఉంటే ఏం? కళ్లద్దాలతో చదివేవాళ్లకు చదువు రాదంటామా?

ముక్కలు ఎక్కువై విసిగిపోతుంటే చివరి నుంచి నేర్పండి. మొదటివన్నీ మీరు చేయించి, జిప్ ఒక్కటి వాళ్లకు వదలండి. అది వచ్చాక దాని ముందుది. పని పూర్తి చేసిన తృప్తి రోజూ వాళ్లకే దక్కుతుంది.

ఇప్పుడు లక్ష్యం రాయొచ్చు: "తలుపు పక్క ఫోటో చూసి, ఎవరూ మాటతో గుర్తు చేయకుండా, వారంలో 5 పనిరోజుల్లో కనీసం 4 రోజులు బ్యాగు సర్దుకుంటాడు. ఇలా వరసగా 3 వారాలు." అది కుదిరాక మీరు ఇంట్లో లేని రోజు, ఇంకొకరు ఉన్నప్పుడు కూడా జరుగుతోందేమో చూడండి. చాలా ప్లాన్లు తేలిపోయేది అక్కడే.

నా 11 మాటల్లో "ఆ చొక్కా కాదు" అన్నది గమనించారా? దాని పక్కన ఏ అక్షరం వేయాలో నాకు తోచలేదు. అది సాయం కాదు, నా ఇష్టం. ఎవరి నిర్ణయం ఎవరిదన్నది 4వ పాఠంలో చూద్దాం. ఈలోగా మీ 5 రోజుల షీటు నింపండి. వాళ్ల తరఫున మీరే ఎంచేసిన వాటి పక్కన ఒక చుక్క పెట్టి ఉంచండి.