బాల్కనీలో ఎత్తు టేబుల్ వేయాలంటే ముందు రెయిలింగు కొలవండి

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ అపార్ట్‌మెంట్లలో చాలా బాల్కనీలు నాలుగడుగుల లోతుకు మించవు. ఒక మూల వాషింగ్ మెషీన్, ఇంకో మూల బట్టల స్టాండు పోను మిగిలిన జాగాలో మామూలు కుర్చీ వేసుకుంటే పిట్టగోడే కనబడుతుంది, వీధి కనబడదు. 18 అంగుళాల కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి 46–48 అంగుళాల ఎత్తులో ఉంటాయి, రెయిలింగేమో దాదాపు 42, కాబట్టి చూపు ఎదురుగా పోతుంది గానీ కిందికి దిగదు. ఎత్తు స్టూళ్లు వేసుకుని కూర్చునే బార్ టేబుల్ మీదికి మనసు పోయేది అందుకే.

షాపుల్లో రెండు ఎత్తుల టేబుళ్లను ఒకే పేరుతో అమ్ముతారు. 40–42 అంగుళాలది అసలు బార్ టేబుల్, దానికి 28–30 అంగుళాల స్టూలు కావాలి. 36 అంగుళాల దానికి 24–26 అంగుళాల స్టూలు సరిపోతుంది. సీటుకూ టేబుల్ పైభాగానికీ మధ్య 10–12 అంగుళాల సందు ఉండాలి. తగ్గితే తొడలు తగులుతాయి, పెరిగితే చాయ్ గ్లాసు అందుకోవడానికి భుజాలు ఎత్తాల్సి వస్తుంది. టేబుల్ ఒక షాపులో, స్టూళ్లు ఇంకో షాపులో కొనేవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే.

బాల్కనీకైతే 36 అంగుళాలదే తీసుకోండి. 30 అంగుళాల స్టూలు మీద కూర్చుంటే 42 అంగుళాల రెయిలింగు సీటు మీద ఒక్క అడుగే లేస్తుంది. అదే స్టూలెక్కి నిలబడ్డ పిల్లవాడికి రెయిలింగు మోకాళ్ల దగ్గరికి వస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఎత్తు స్టూలు రెయిలింగు పక్కన నిచ్చెనతో సమానం. వాడనప్పుడు స్టూళ్లు లోపల పెట్టి తలుపు గడియ వేసే అలవాటు లేకపోతే ఈ టేబుల్ జోలికే పోవద్దు. పెద్దవాళ్లు కూడా రెయిలింగుకు వీపు పెట్టి కూర్చోకూడదు.

ఇక లోతు లెక్క. టేబుల్ 16 అంగుళాలు, స్టూలు జరిపి కూర్చోవడానికి 24. నాలుగడుగుల బాల్కనీలో 48 నుంచి ఆ 40 తీసేస్తే మిగిలేది 8 అంగుళాలు, వెనక నుంచి ఎవరూ దాటలేరు. అందుకని టేబుల్‌ను రెయిలింగుకు ఆనించి, స్టూళ్లను పొడవు వైపు రెండు చివర్లా ఎదురెదురుగా వేయాలి. ఇద్దరికి 24×16 అంగుళాల పలక చాలు. పక్కపక్కనే కూర్చోవాలంటే మనిషికి 24 చొప్పున 48 అంగుళాల పొడవు కావాలి. కొనేముందు టేబుల్, స్టూళ్ల కొలతలతో నేల మీద సుద్దముక్కతో గీసి, బకెట్ పట్టుకుని అటూ ఇటూ నడిచి చూడండి. బాల్కనీ తలుపు వెడల్పు కూడా కొలవండి. విప్పడానికి వీల్లేని పెద్ద టేబుల్ రెండున్నర అడుగుల తలుపు దగ్గర ఆగిపోతుంది.

వెల్డింగ్ షాపులో చేయిస్తే పైపు గేజీ మీరే చెప్పాలి, గేజీ అంకె పెరిగేకొద్దీ పైపు గోడ పలుచన. 25×25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 16 గేజీ, అంటే గోడ మందం 1.6 మి.మీ. 24×16 పలక, 36 అంగుళాల ఎత్తుకు నాలుగు కాళ్లు, పై చట్రం, కింద పాదాలు ఆనించే చట్రం కలిపి దాదాపు 25 అడుగుల పైపు పడుతుంది. పైపు 20 అడుగుల పొడవుతో వస్తుంది కాబట్టి రెండు కొనాలి, మిగిలిన దాంట్లో ఒక స్టూలు చట్రం కూడా తేలుతుంది. పైన పలకగా వేసే రేకు అతికించకముందే చట్రాన్ని తూకం వేయించండి. 16 గేజీ అయితే 9 కిలోల చుట్టూ తూగుతుంది, 18 గేజీ 7 కిలోలు, 20 గేజీ అయిదు కిలోల పైచిలుకు. కిలో లెక్కన ధర మాట్లాడుకున్నా, టేబుల్ లెక్కన మాట్లాడుకున్నా ఈ తూకం ఒక్కటే నిజం చెబుతుంది. 20 గేజీ పైపును వెల్డింగ్‌లో కాస్త ఎక్కువసేపు కాల్చినా చిల్లు పడుతుంది. ఆ చిల్లును లప్పం పెట్టి మూసి రంగేస్తే రెండో వానాకాలానికి అక్కడే తుప్పు పొంగుతుంది.

పైన వేసే పలక విషయంలో ఎండను మరిచిపోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో పడమటి బాల్కనీలో నల్లరంగు రేకు మీద మోచేయి ఆనదు. తెలుపు, లేత బూడిద రంగులు కొంత నయం. 2 మి.మీ. రేకు పలుచన కాబట్టి నీడ పడ్డాక తొందరగానే చల్లారుతుంది. కరీంనగర్ గ్రానైట్ తునకలు మన దగ్గర సులువుగా దొరుకుతాయి, చూడ్డానికి బాగుంటాయి, మరకలు అంత తొందరగా పట్టవు. అయితే 18 మి.మీ. మందం పలక ఈ కొలతకు 12 కిలోల బరువుంటుంది, పగలు తాగిన వేడిని పొద్దుగూకాక కూడా వదలదు. తూర్పు, ఉత్తరం వైపు బాల్కనీకి గ్రానైట్, పడమటికి లేతరంగు రేకు పెట్టుకోండి. గోదావరిఖని, రామగుండం వైపు బొగ్గు దుమ్ము పడే ఇళ్లకు చిల్లుల జాలీ పలక వద్దు, ఒక్కో చిల్లూ తుడుస్తూ కూర్చోవాలి.

రేకు చుట్టూ వరుసగా వెల్డింగ్ చేస్తే అది వేడికి మెలితిరిగి మధ్యలో గుంట పడుతుంది, వాన నీళ్లు అందులో నిలుస్తాయి. రెండు మూడు అంగుళాలకు ఒక చుక్క చొప్పున అతికించి, కింద మధ్యలో ఒక అడ్డ పైపు పెట్టమనండి. ఈ అడ్డ పైపు లేకపోతే గ్లాసు పెట్టిన ప్రతిసారీ రేకు డప్పులా మోగుతుంది.

తుప్పు మొదలయ్యేది ఎక్కువగా కాళ్ల అడుగున. పైపులో దిగ్గొట్టే ప్లాస్టిక్ బుష్ ఎండకు పగులుతుంది, బాల్కనీ కడిగిన నీళ్లు లోపలికి పోతాయి, టైల్స్ మీద గోధుమరంగు చతురస్రాలు పడతాయి. ఆ మరక మహా మొండిది. దానికి బదులు కాలి అడుగును చిన్న పట్టీతో మూయించి, దానికి నట్టు వెల్డ్ చేయించి, రబ్బరు తలకాయ ఉన్న లెవలింగ్ బోల్టు బిగించండి. బాల్కనీ నేలకు నీళ్లు పోవడానికి వాలు ఉంటుంది కాబట్టి ఈ బోల్టు లేకపోతే ఎంత మంచి టేబులైనా ఊగుతుంది. కాలు లోపలి వైపు అడుగున 4–5 మి.మీ. రంధ్రం ఒకటి పెట్టిస్తే లోపల చేరిన తేమ బయటికి పోతుంది. రంధ్రాలన్నీ పౌడర్ కోటింగ్‌కు ముందే వేయించాలి. తర్వాత వేస్తే ఆ అంచు పచ్చి ఇనుమే.

పౌడర్ కోటింగ్ కుదరకపోతే రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, ఎనామెల్ రెండు కోట్లు. అంతకుముందు వెల్డింగ్ మీద గాజులా అంటుకున్న పెచ్చును సుత్తితో కొట్టి రాల్చారో లేదో చూడండి. అది ఉండగా రంగేస్తే రంగుతో సహా ఊడొస్తుంది.

స్టీలు కావాలనుకుంటే అయస్కాంతం పరీక్షను నమ్మొద్దు. మేలైన 304 రకం స్టీలుకూ అంటదు, చవకైన 202 రకానికీ అంటదు. షాపు వాళ్ల దగ్గర పరీక్ష మందు ఉంటుంది, చుక్క వేయించి చూడండి, 202 అయితే ఎర్రబడుతుంది. సముద్రపు ఉప్పుగాలి లేని మన వైపు తుడిచి పెట్టుకుంటే 202 కూడా నడుస్తుంది. 304 ధర మాత్రం ఇవ్వొద్దు.

పెట్టెలో విడిగా వచ్చే టేబుళ్లకు బోల్టులన్నీ ముందు సగం వరకే తిప్పి, సమమైన నేల మీద నిలబెట్టి, ఆ తర్వాత ఎదురెదురు మూలలు బిగించండి. ఒక మూలే పూర్తిగా బిగిస్తే నాలుగో కాలు గాల్లో ఉంటుంది. ఒంటికాలి గుండ్రటి టేబుల్ అయితే షాపులోనే పలక అంచు మీద అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. అవతలి అంచు లేస్తే వదిలేయండి.

మడత టేబుల్ తేలిగ్గా ఉంటుందని సంబరపడేముందు కోతులను గుర్తు చేసుకోండి. వరంగల్‌లో గ్రిల్ లేని బాల్కనీ అంటే వాటి జాగానే. అయిదారు కిలోల టేబుల్‌ను అవి పడదోస్తాయి. మే నెల గాలిదుమారమూ ఊరుకోదు. పై అంతస్తుల్లో ఉండేవాళ్లు తేలికపాటి టేబుల్‌ను మడిచి లోపల పెట్టాలి, లేదా ఒక కాలిని చిన్న గొలుసుతో గోడకు బిగించిన కొక్కేనికి కట్టాలి. రెయిలింగుకు కట్టొద్దు. గాలి గుంజినప్పుడల్లా ఆ కుదుపు రెయిలింగు మేకుల మీద పడుతుంది.