ప్రజారోగ్య గ్రాంటు పొందిన సంస్థలు పురోగతి నివేదిక, వినియోగ ధ్రువపత్రం సమర్పించే విధానం

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ నుంచి గ్రాంటు పొందిన స్వచ్ఛంద సంస్థలు, ట్రస్టులు, పరిశోధన సంస్థలు ఆ సొమ్ముతో ఏ పని చేశాయో, అందుకు ఎంత ఖర్చు పెట్టాయో నిర్ణీత గడువులోగా పురోగతి నివేదిక, వినియోగ ధ్రువపత్రం (గ్రాంటు సొమ్ము ఎలా ఖర్చయిందో ధ్రువీకరించే పత్రం, యూసీ అని కూడా అంటారు) ద్వారా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఈ బాధ్యతకు మూలం 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి. కార్యాలయాల్లో దీన్ని జీఎఫ్ఆర్ అనే వ్యవహరిస్తారు. గ్రాంట్-ఇన్-ఎయిడ్ (ప్రభుత్వం సంస్థలకు ఇచ్చే ఆర్థిక సహాయం) మంజూరు, వినియోగం, తనిఖీలకు సంబంధించిన నియమాలన్నీ అందులోని తొమ్మిదో అధ్యాయంలో ఉన్నాయి. క్షయ నిర్మూలన, అంధత్వ నివారణ, ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమాలు ఒక్కొక్కదానికి సొంత మార్గదర్శకాలు, సొంత నమూనాలు ఉంటాయి. రాష్ట్ర ఆరోగ్య సొసైటీతో ఒప్పందం చేసుకొని పనిచేసే సంస్థలు ముందుగా ఆ ఒప్పందంలోని షరతులను చూసుకోవాలి.

నివేదిక పని మార్చి నెలాఖరులో మొదలవుతుందని చాలా సంస్థలు అనుకుంటాయి. నిజానికి అది మంజూరు ఉత్తర్వు చేతికందిన రోజునే మొదలవుతుంది. గ్రాంటు ఏ పనికి ఇచ్చారు, జీతాలకు ఎంత, సాధారణ వ్యయానికి ఎంత, పరికరాల వంటి ఆస్తుల కొనుగోలుకు ఎంత, చేరుకోవలసిన లక్ష్యాలు ఏమిటి, నివేదిక మూడు నెలలకోసారి ఇవ్వాలా, ఆరు నెలలకోసారి ఇవ్వాలా అన్న వివరాలు ఆ ఉత్తర్వులోనో, దానికి జతచేసిన షరతుల పత్రంలోనో ఉంటాయి. వాటిని చదివి, ఖాతా పుస్తకంలోని పద్దులను అదే వరుసలో, అవే పేర్లతో తెరవడం మేలు. ఉత్తర్వులో ‘క్షేత్ర సిబ్బంది వేతనం’ అని ఉన్న ఖర్చును ఖాతాలో ‘ఇతర ఖర్చులు’ కింద రాసుకున్న సంస్థకు ఏడాది చివర ఓచర్లన్నీ మళ్లీ తిరగేయడం తప్పదు. ప్రతి గ్రాంటుకూ విడిగా లెక్కలు నిర్వహించాలి. చెల్లింపులను ప్రభుత్వ నిధుల లెక్కలు నమోదయ్యే పీఎఫ్ఎంఎస్ పోర్టల్ ద్వారా జరపాలని షరతు ఉంటే, అందులో కనిపించే ఖర్చుకూ సంస్థ పుస్తకాల్లోని ఖర్చుకూ తేడా రాకుండా నెలనెలా సరిచూసుకోవాలి.

నివేదికలో పని గురించి చెప్పే భాగాన్ని జాగ్రత్తగా రాయాలి. నిర్దేశించిన పరిమాణాత్మక, గుణాత్మక లక్ష్యాలను చేరుకున్నారా, చేరుకోకపోతే కారణాలేమిటి అన్నది వినియోగ ధ్రువపత్రంలోనే వెల్లడి కావాలని, పనితీరును పెట్టిన ఖర్చును బట్టి కాక సాధించిన ఫలితాన్ని బట్టి అంచనా వేయాలని జీఎఫ్ఆర్ 238వ నియమం చెబుతోంది. కాబట్టి ఇన్ని శిబిరాలు పెట్టాం, ఇన్ని కరపత్రాలు పంచాం, ఇంతమందికి శిక్షణ ఇచ్చాం అని రాసి ఊరుకుంటే నివేదిక పూర్తయినట్టు కాదు. కంటి వైద్య శిబిరాలకు గ్రాంటు తీసుకున్న సంస్థ, ఎంతమందిని పరీక్షించారు, వారిలో ఎంతమందికి శుక్లాలు ఉన్నట్టు గుర్తించారు, ఎంతమందికి శస్త్రచికిత్స జరిగింది, ఆ తర్వాత మళ్లీ చూపు పరీక్షించినప్పుడు ఎంతమందికి మెరుగుపడింది అన్న వరుసలో చెప్పాలి. ఒక మెట్టు నుంచి తర్వాతి మెట్టుకు సంఖ్య తగ్గుతుంది. ఎక్కడ బాగా తగ్గిందో అక్కడ కారణం రాయాలి. ఆ తగ్గుదలను దాచాలని చూసే నివేదికలే పరిశీలనలో ముందుగా దొరికిపోతాయి.

క్షయ కార్యక్రమంలో పనిచేసేవారు మరొక విషయం గమనించాలి. మందులకు లొంగే క్షయకు సాధారణంగా ఆరు నెలల చికిత్స ఉంటుంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కనుక, అక్టోబరు తర్వాత చికిత్స మొదలుపెట్టిన రోగుల ఫలితం ఆ తేదీకి తేలదు. వారిని కూడా మొత్తంలో కలిపి చికిత్స పూర్తయినవారి శాతం కడితే, క్షేత్రంలో పని ఎంత బాగా జరిగినా నివేదికలో అది చాలా తక్కువగా కనిపిస్తుంది. చికిత్స మొదలైన త్రైమాసికాన్ని బట్టి రోగులను విడదీసి, గడువు పూర్తయిన బృందానికి ఫలితాన్ని, మిగిలినవారికి ‘చికిత్స కొనసాగుతోంది’ అన్న వివరాన్ని చూపించడమే సరైన పద్ధతి. క్షయ రోగుల వివరాలు నమోదయ్యే నిక్షయ్ పోర్టల్ నుంచి తీసుకున్న అంకెల పక్కన, వాటిని ఏ తేదీన తీసుకున్నారో రాయాలి. పోర్టల్‌లో వివరాలు రోజూ మారుతుంటాయి, నెల తర్వాత తనిఖీ చేసిన అధికారికి వేరే అంకె కనిపించవచ్చు, అప్పుడు ఆ తేదీయే సంస్థకు ఆధారమవుతుంది. రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు నివేదికలో గానీ అనుబంధాల్లో గానీ పెట్టకూడదు. శిబిరాల ఫొటోలు జతచేసేటప్పుడు కూడా ఈ జాగ్రత్త అవసరం. ఎందుకోగానీ ఫొటోల దగ్గరికి వచ్చేసరికి దీన్ని మరచిపోయేవారే ఎక్కువ.

లెక్కల భాగానికి సంస్థలు వాడవలసిన నమూనా జీఎఫ్ఆర్ 12-ఏ. రాష్ట్ర ప్రభుత్వాలు తమకు వచ్చిన గ్రాంటుకు 12-సి నమూనా వాడతాయి గనుక ఆ రెండింటినీ కలగాపులగం చేయకూడదు. 12-ఏలోని ప్రధాన పట్టికలో గత సంవత్సరాల నుంచి మిగిలిన నిల్వ, దానిపై వచ్చిన వడ్డీ, ప్రభుత్వానికి తిరిగి జమచేసిన వడ్డీ, ఈ ఏడాది అందిన గ్రాంటు, మొత్తం అందుబాటులో ఉన్న సొమ్ము, ఖర్చు, ముగింపు నిల్వ వరుసగా ఉంటాయి. ఉదాహరణకు ఒక సంస్థకు పాత నిల్వ 1,40,000 రూపాయలు, వడ్డీ 6,200 రూపాయలు వచ్చిందనుకుందాం. ఆ వడ్డీని పూర్తిగా ప్రభుత్వానికి జమచేసి, ఈ ఏడాది 12,00,000 రూపాయల గ్రాంటు పొందితే అందుబాటులో ఉన్న మొత్తం 13,40,000 రూపాయలు అవుతుంది. అందులో 11,85,000 ఖర్చయితే ముగింపు నిల్వ 1,55,000 రూపాయలు. ఈ చివరి అంకె మార్చి 31 నాటి బ్యాంకు స్టేట్‌మెంటుతో, చేతిలో ఉన్న నగదుతో, ఇంకా సర్దుబాటు కాని అడ్వాన్సులతో కలిపి చూసినప్పుడు పైసాతో సహా సరిపోవాలి.

అడ్వాన్సుల దగ్గరే పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి. శిక్షణ ఏర్పాట్లకని సిబ్బందికి ఇచ్చిన సొమ్ము, పరికరాలు సరఫరా చేస్తామన్నవారికి ముందుగా చెల్లించిన సొమ్ము బిల్లు వచ్చేదాకా ఖర్చు కాదు. వాటిని ఖర్చులో కలపకుండా, సర్దుబాటు కాని అడ్వాన్సులుగా విడిగా చూపించాలి. వడ్డీ విషయంలోనూ అపోహ ఉంది. గ్రాంటు సొమ్ము బ్యాంకులో ఉన్నప్పుడు వచ్చిన వడ్డీని కార్యక్రమానికే ఖర్చు పెట్టినా తప్పు తప్పే. లెక్కలు ఖరారు కాగానే దాన్ని భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ప్రభుత్వ ఖజానాకు, జమచేయాలన్నది జీఎఫ్ఆర్ 230వ నియమంలోని షరతు.

ధ్రువపత్రంపై సంస్థ ఆర్థిక విభాగాధిపతి, సంస్థ అధిపతి ఇద్దరూ సంతకం చేయాలి. ఆడిట్ చేయించిన లెక్కల పత్రాలను, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరణ కోరితే దాన్ని, లక్ష్యాలు–ఫలితాల అనుబంధాలను, గ్రాంటుతో కొన్న ఆస్తుల జాబితాను జతచేయాలి. ఆ ఆస్తులను ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా అమ్మడానికి గానీ, వేరే పనికి మళ్లించడానికి గానీ వీల్లేదు. పంపిన ప్రతిపై కార్యాలయ ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఆన్‌లైన్‌లో సమర్పిస్తే రసీదును దాచుకోవాలి.

గడువు సంగతికి వస్తే, ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోగా ధ్రువపత్రం అందాలి. 2024–25లో పొందిన గ్రాంటుకు చివరి తేదీ 2026 మార్చి 31 అన్నమాట. మంజూరు ఉత్తర్వులో ఇంతకంటే తక్కువ గడువు ఉంటే దాన్నే పాటించాలి. పన్నెండు నెలలంటే చాలా వెసులుబాటు ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ఏటా గ్రాంటు పొందే సంస్థలకు ఆ వెసులుబాటు లేదనే చెప్పాలి. ముందు సంవత్సరపు వినియోగ ధ్రువపత్రం, ఆడిట్ నివేదిక సంతృప్తికరంగా అందితే తప్ప ఆ తర్వాతి సంవత్సరానికి మంజూరైన మొత్తంలో 75 శాతానికి మించి విడుదల చేయరు. కాబట్టి యూసీ ఆలస్యమయ్యేకొద్దీ క్షేత్రంలో ఆశా కార్యకర్తలతో కలిసి తిరిగే సిబ్బందికి జీతాలు కూడా ఆలస్యమవుతాయి. జూలై, ఆగస్టు నెలలకల్లా ఆడిట్ ముగించుకోవడం ఆచరణలో క్షేమం.

గడువులోగా ధ్రువపత్రం ఇవ్వని సంస్థను ఇకపై ఎలాంటి ప్రభుత్వ ఆర్థిక సహాయానికీ అర్హత లేకుండా నల్లజాబితాలో చేర్చి, ఆ విషయాన్ని వెబ్‌సైట్‌లో ప్రకటించే అధికారం మంత్రిత్వ శాఖకు ఉంది. గ్రాంటు విడుదలకు ముందు కార్యవర్గ సభ్యులు బాండు రాసిచ్చిన చోట బాధ్యత మరింత బరువైనది. షరతులు ఉల్లంఘిస్తే మొత్తాన్ని ఏటా 10 శాతం వడ్డీతో తిరిగి చెల్లించడానికి సభ్యులు ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులవుతారు. అందువల్ల నివేదికను అకౌంటెంటుకు వదిలేయకుండా, పంపే ముందు కార్యవర్గ సమావేశంలో పెట్టి చదివించి, ఆ విషయాన్ని మినిట్స్‌లో నమోదు చేయించడం మంచిది.

సమర్పించిన తర్వాత శాఖ నుంచి వివరణ కోరుతూ లేఖ రావడం మామూలే. దానికి సమాధానం రాసేటప్పుడు పాత ధ్రువపత్రంలోని అంకె తప్పని తేలితే, లేఖలో సర్దిచెప్పి వదిలేయకుండా, సవరించిన ధ్రువపత్రాన్ని కొత్త తేదీతో, కొత్త సంతకాలతో పంపాలి. లెక్కల పుస్తకాలు మంత్రిత్వ శాఖ అంతర్గత ఆడిట్‌కూ, 1971 నాటి చట్టం కింద కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీకీ అందుబాటులో ఉండాలి కనుక ఓచర్లను, హాజరు పట్టికలను, శిబిరాల రిజిస్టర్లను పారేయకూడదు. ప్రాజెక్టు పూర్తయినప్పుడు తుది నివేదికతో పాటు మిగిలిన నిల్వను మంజూరు ఉత్తర్వులో చెప్పిన విధంగా తిరిగి జమచేయాలి. ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో సొమ్ము చెల్లించే భారత్‌కోశ్ పోర్టల్ ద్వారా జమచేస్తే, శాఖ పేరు, జమ చేస్తున్న కారణం సరిగ్గా ఎంచుకొని, ఆ చలానా ప్రతిని తుది వినియోగ ధ్రువపత్రానికి జతచేయాలి.