ఏ ప్లస్ పరీక్షకు దరఖాస్తు: ఫారం పది నిమిషాలు, నెట్‌వర్కింగ్ కొన్ని వారాలు

కంప్యూటర్ టెక్నీషియన్‌గా మొదటి ఉద్యోగం వెతుక్కునేవాళ్లు తరచుగా రాసే పరీక్ష కాంప్‌టియా సంస్థ నడిపే ఏ ప్లస్. దీనికి దరఖాస్తు అంటే ఫారం పంపించి ఎంపిక జాబితా కోసం ఎదురుచూడటం కాదు. కాంప్‌టియా వెబ్‌సైట్‌లో ఖాతా తెరవాలి, వోచర్ (పరీక్ష రుసుము ముందే చెల్లిస్తే ఇచ్చే కోడ్) కొనాలి, పరీక్షలు నిర్వహించే పియర్సన్ వ్యూ కంపెనీ ద్వారా తేదీ బుక్ చేసుకోవాలి. డిగ్రీ అడగరు, ముందస్తు పరీక్ష ఏదీ లేదు. సుమారు 12 నెలల పని అనుభవం ఉంటే మంచిదని సంస్థ చెబుతుంది కానీ అది సలహా మాత్రమే. వయసు 13 నిండి ఉండాలి. 18 లోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి కావాలి.

ఇంత సులువుగా ఉండటంతోనే వచ్చింది చిక్కు. డబ్బు కట్టేస్తే చదువు దానంతట అదే సాగుతుందని నేనూ ముందు వోచర్ కొన్నాను. హార్డ్‌వేర్ పాఠాలు బాగానే నడిచాయి. ర్యామ్ కనబడుతుంది, చేత్తో పట్టుకోవచ్చు. నెట్‌వర్కింగ్, అంటే కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పాఠం దగ్గరికొచ్చేసరికి కనబడేది కేబుల్ మాత్రమే, అందులో ఏం జరుగుతోందో తెలియదు. పుస్తకం కదల్లేదు, తేదీ మాత్రం దగ్గరపడింది. ఆ టెన్షన్ మీకు వద్దు. అందుకే దరఖాస్తు మెట్లతో పాటు, ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలో కూడా చెబుతున్నాను.

ముందు కోడ్ చూసుకోండి

ఏ ప్లస్ సర్టిఫికెట్ కావాలంటే రెండు పేపర్లు పాస్ కావాలి. కోర్ 1 కోడ్ 220-1201, కోర్ 2 కోడ్ 220-1202. ఈ రెండూ 2025 మార్చిలో వచ్చాయి. అంతకు ముందున్న 220-1101, 220-1102 పేపర్లను అదే ఏడాది సెప్టెంబరులో ఆపేశారు. పాత జతలోంచి ఒకటి, కొత్త జతలోంచి ఒకటి రాస్తే సర్టిఫికెట్ రాదు. పాత కోడ్‌తో చేసిన వీడియోలు, నోట్సు ఇంకా చాలా తిరుగుతున్నాయి. నెట్‌వర్కింగ్ మూలాలు మారవు కాబట్టి అర్థం చేసుకోవడానికి అవి పనికొస్తాయి. సిలబస్‌గా మాత్రం కాంప్‌టియా ఉచితంగా ఇచ్చే ఎగ్జామ్ ఆబ్జెక్టివ్స్ పీడీఎఫ్‌నే పట్టుకోండి. దాన్ని ప్రింట్ తీసుకుని, వచ్చిన అంశం పక్కన పెన్నుతో టిక్ పెట్టుకుంటూ పోవడం నాకు బాగా పనిచేసింది. చివర్లో ఉన్న సంక్షిప్త పదాల జాబితాను వదిలేయకండి. ప్రశ్నల్లో ఆ పొట్టి పేర్లే వస్తాయి.

నెట్‌వర్కింగ్ ఎక్కువగా కోర్ 1లో ఉంటుంది. అందులో నెట్‌వర్కింగ్ విభాగానికే 23 శాతం. హార్డ్‌వేర్, నెట్‌వర్క్ లోపాలు కనిపెట్టే విభాగానికి ఇంకో 28 శాతం. అంటే నెట్‌వర్కింగ్ రాకుండా ఈ పేపర్ గట్టెక్కడం కష్టం. ఒక్కో పేపర్‌కు 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. స్కోరు 100 నుంచి 900 వరకు ఉంటుంది, కోర్ 1కి 675, కోర్ 2కి 700 రావాలి. ఇవి శాతాలు కావు. 675 అంటే 75 శాతం అని లెక్క కట్టుకోకండి.

వోచర్ కొనేముందు రావాల్సిన చదువు

పోర్టు నంబర్ల (ఒక కంప్యూటర్‌లో ఏ సేవ ఏ తలుపు దగ్గర దొరుకుతుందో చెప్పే అంకెల) పట్టికతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అది ఎక్కువ రోజులు గుర్తుండదు. దానికి బదులు ఒక్క సంఘటన తీసుకోండి: కంప్యూటర్ ఆన్ చేశాం, ఒక వెబ్‌సైట్ తెరిచాం. ఈ మధ్యలో ఏం జరిగిందో వరుసగా చెప్పగలిగితే సగం పాఠం వచ్చినట్టే.

నెట్‌వర్క్‌లోకి కొత్తగా వచ్చిన కంప్యూటర్‌కు చిరునామా ఉండదు. నాకొక చిరునామా ఇవ్వండి అని అది నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా అడుగుతుంది. చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ జవాబిస్తుంది. సర్వర్ వినే పోర్టు 67, కంప్యూటర్ వైపు పోర్టు 68. ఆ జవాబులో ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, డిఫాల్ట్ గేట్‌వే, డీఎన్ఎస్ సర్వర్ చిరునామా వస్తాయి. ఎదుటి కంప్యూటర్ మన నెట్‌వర్క్‌లోదేనా, బయటిదా అని తేల్చేది మాస్క్. బయటిదైతే ఆ సమాచారాన్ని గేట్‌వేకి, అంటే బయటికి దారి ఇచ్చే రౌటర్‌కు అప్పగించాలి. తర్వాత బ్రౌజర్‌లో మనం టైప్ చేసిన పేరుకు అంకెల చిరునామా ఏదో డీఎన్ఎస్‌ను అడగాలి, దాని పోర్టు 53. చిరునామా దొరికాక ఆ సర్వర్‌తో 443 పోర్టు మీద సురక్షిత కనెక్షన్ మొదలవుతుంది.

ఈ కథ వస్తే లోపాలు కనిపెట్టే ప్రశ్నలు వాటంతట అవే విడిపోతాయి. కంప్యూటర్‌కు 169.254తో మొదలయ్యే చిరునామా కనబడితే డీహెచ్‌సీపీ జవాబు రాలేదని, కంప్యూటర్ తనకు తానే ఒక నంబర్ పెట్టుకుందని అర్థం. పక్కనున్న ప్రింటర్ పనిచేస్తూ ఇంటర్నెట్ ఒక్కటే రాకపోతే గేట్‌వే వైపు చూడాలి. అంకెల చిరునామాకు పింగ్ (అవతలి కంప్యూటర్ జవాబిస్తుందో లేదో చూసే కమాండ్) వెళ్తూ పేరుకు వెళ్లకపోతే అనుమానం డీఎన్ఎస్ మీద. పరీక్షలో లక్షణం చెప్పి, మొదట ఏం చూస్తారు అని అడుగుతారు. వరుస తెలియనివాళ్లకు నాలుగు జవాబులూ సరైనవిగానే కనిపిస్తాయి.

కమాండ్ల సంగతి కోర్ 2 పేపర్‌లో వస్తుంది. అయినా ఇప్పుడే వాడటం మొదలుపెట్టండి. మీ సొంత విండోస్ కంప్యూటర్‌లో నెట్‌వర్క్ వివరాలు చూపే ఐపీకాన్ఫిగ్ కమాండ్‌ను /all జోడించి (ipconfig /all) నడిపి పైన చెప్పిన నాలుగింటినీ వెతికి పట్టుకోండి. తర్వాత పింగ్: ముందు 127.0.0.1 (అంటే మీ కంప్యూటరే), తర్వాత గేట్‌వే, తర్వాత బయటి అంకెల చిరునామా, చివరగా ఒక పేరు. ఎక్కడ ఆగితే లోపం ఆ మెట్టు దగ్గరుందని గ్రహించాలి. కొన్ని సర్వర్లు పింగ్‌కు కావాలనే జవాబివ్వవు. అది చూసి కంగారు పడొద్దు.

పోర్టులను జంటలుగా పెట్టుకుంటే తేలిక. దూరం నుంచి ఇంకో కంప్యూటర్‌కు కమాండ్లు ఇచ్చే టెల్నెట్ 23, దాని సురక్షిత ప్రత్యామ్నాయం ఎస్ఎస్‌హెచ్ 22. వెబ్ పేజీలు తెచ్చే హెచ్‌టీటీపీ 80, దాని సురక్షిత రూపం హెచ్‌టీటీపీఎస్ 443. మెయిల్ పంపేది ఎస్ఎంటీపీ 25. తెచ్చుకునేవి రెండు, పాప్3 110, ఐమ్యాప్ 143. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ 445, దూరం నుంచి డెస్క్‌టాప్ తెరిచే ఆర్‌డీపీ 3389. అందింది అనే మాట వచ్చేదాకా చూసి, రాకపోతే మళ్లీ పంపేది టీసీపీ. పంపేసి ఊరుకునేది యూడీపీ. వీడియో కాల్‌లో రెండు సెకన్ల కింద పోయిన మాటను మళ్లీ తెప్పించుకుని ఏం లాభం? అందుకే అక్కడ యూడీపీ వాడతారు.

పరికరాల దగ్గర గందరగోళానికి కారణం ఇంట్లో ఉన్న పెట్టె. దాన్ని అందరం రౌటర్ అంటాం. నిజానికి అందులో రౌటర్, స్విచ్, వైర్‌లెస్ యాక్సెస్ పాయింట్, చాలాసార్లు మోడెమ్ కూడా కలిసి ఉంటాయి. పరీక్షలో ఇవన్నీ విడివిడి పరికరాలు. స్విచ్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చే నంబర్) చూసి ఒకే నెట్‌వర్క్ లోపల అందిస్తుంది. రౌటర్ ఐపీ అడ్రస్ చూసి ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు పంపిస్తుంది.

వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ ఎక్కువ దూరం వెళ్తుంది, గోడలను కొంత తట్టుకుంటుంది, కానీ రద్దీ ఎక్కువ. అందులో ఒకదానితో ఒకటి తగలని చానళ్లుగా 1, 6, 11 గుర్తుంచుకోండి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, పరిధి తక్కువ. ప్రైవేట్ చిరునామాలు (ఇంటి, ఆఫీసు నెట్‌వర్క్ లోపల మాత్రమే వాడేవి) మూడు వరుసలు: 10తో మొదలయ్యేవి, 192.168తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి. మూడోదాని దగ్గరే పొరపాటు పడతారు. 172.40 ప్రైవేట్ కాదు. కేబుళ్లలో క్యాట్ 5ఈ 100 మీటర్ల దాకా ఒక గిగాబిట్ మోస్తుంది. క్యాట్ 6 మీద పది గిగాబిట్లు కావాలంటే 55 మీటర్లు దాటకూడదు. పనిముట్లలో క్రింపర్, పంచ్‌డౌన్ టూల్, కేబుల్ టెస్టర్, టోనర్ ప్రోబ్ ఏది ఎందుకో తెలిస్తే చాలు.

సబ్‌నెట్లు (పెద్ద నెట్‌వర్క్‌ను విడగొట్టిన చిన్న భాగాలు) లెక్కకట్టడం మీద వారాలు పెట్టేవాళ్లున్నారు. ఏ ప్లస్‌కు మాస్క్ ఏం చేస్తుందో తెలిస్తే సరిపోతుంది. ఆ లెక్కలు తర్వాతి మెట్టయిన కాంప్‌టియా పరీక్ష నెట్‌వర్క్ ప్లస్‌కు దాచుకోండి.

ఇంతకు ముందు చూడని నమూనా పేపర్లలో వరుసగా మూడుసార్లు 80 శాతం పైన వస్తే వోచర్ కొనండి అంటాను. ఇది నా కొలత, సంస్థ పెట్టిన నియమం కాదు. అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలివే అంటూ అమ్మేవాటి జోలికి వెళ్లకండి. అవి వాడటం అభ్యర్థి ఒప్పందానికి విరుద్ధం, పట్టుబడితే ఫలితం రద్దవుతుంది.

ఖాతా, వోచర్, బుకింగ్

ఖాతా తెరిచేటప్పుడు తప్పు చేయకూడనిది పేరు. పరీక్ష రోజు చూపించే ప్రభుత్వ గుర్తింపు కార్డులో ఎలా ఉందో ఖాతాలోనూ అలాగే ఉండాలి. కార్డులో పూర్తి పేరు ఉండి ఖాతాలో ఇనిషియల్ పెట్టినా, పేరులో ఒక ముక్క వదిలేసినా లోపలికి రానివ్వకపోవచ్చు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుంటాయి. ఏది ఎందులో రాయాలన్న సందేహం వస్తే కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి. తప్పు పడితే బుకింగ్‌కు ముందే సహాయ కేంద్రానికి రాసి మార్పించుకోవాలి.

వోచర్ ఒక్కోటి ఒక్క పేపర్‌కే. రెండు పేపర్లకు రెండు కావాలి. ధర దేశాన్ని బట్టి మారుతుంది, విద్యార్థులకు తగ్గింపు దొరికే దేశాలూ ఉన్నాయి. ఒక ప్రాంతానికి అమ్మిన వోచర్ ఇంకో ప్రాంతంలో చెల్లకపోవచ్చు కాబట్టి మీరు పరీక్ష రాసే దేశానికే కొనండి. వోచర్ మీద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీలోగా బుక్ చేస్తే సరిపోదు, పరీక్ష రాసేయాలి. డబ్బు వెనక్కి ఇవ్వరు, గడువు పెంచరు.

తర్వాత కాంప్‌టియా ఖాతా నుంచే పియర్సన్ వ్యూలోకి వెళ్లి పరీక్ష కోడ్, భాష ఎంచుకోవాలి. పరీక్షా కేంద్రమా, ఇంటి నుంచి ఆన్‌లైన్‌లోనా అన్నదీ అక్కడే తేల్చుకోవాలి. డబ్బు చెల్లించే పేజీలో వోచర్ కోడ్ వేయండి. ఉదయమా సాయంత్రమా, టైమ్ జోన్ ఏది అన్నది కన్ఫర్మేషన్ మెయిల్‌లో ఇంకోసారి చూసుకోండి. వైకల్యం కారణంగా ప్రత్యేక ఏర్పాటు కావాలన్నా, ఇంగ్లిష్ మాతృభాష కాదు కాబట్టి అదనపు సమయం అడగాలనుకున్నా ఆ అభ్యర్థన బుకింగ్‌కు ముందే పెట్టాలి. తేదీ మార్చుకోవాలంటే పరీక్షకు కనీసం 24 గంటల ముందు మార్చుకోవాలి. ఆ తర్వాత రాకపోతే వోచర్ పోయినట్టే.

వీలుంటే కేంద్రంలోనే రాయమంటాను. ఆన్‌లైన్‌లో నియమాలు గట్టిగా ఉంటాయి. ఫోన్‌తో గది నాలుగు వైపులా ఫొటోలు తీయాలి, బల్ల మీద ఏమీ ఉండకూడదు, రెండో మానిటర్, హెడ్‌ఫోన్లు పనికిరావు, గదిలోకి ఎవరూ రాకూడదు, కెమెరా ముందు నుంచి కదలకూడదు. నాకు ప్రశ్నను పెదాలు కదుపుతూ చదివే అలవాటు ఉంది. పది నిమిషాల్లోనే మాట్లాడకూడదని హెచ్చరిక వచ్చింది. ఆ తర్వాత ప్రశ్న మీద కన్నా నోరు మూసుకోవడం మీదే ధ్యాస పెట్టాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లోనే రాయాలనుకుంటే సిస్టమ్ టెస్ట్‌ను పరీక్ష రాసే కంప్యూటర్‌లో, అదే ఇంటర్నెట్‌తో, అదే గదిలో ముందుగానే చేయండి. ఆఫీసు ల్యాప్‌టాప్ వద్దు, దాని ఫైర్‌వాల్ అడ్డం పడే అవకాశం ఉంది. చెకిన్ అరగంట ముందే తెరుస్తారు, తెరిచిన వెంటనే వెళ్లండి. కేంద్రానికైతే రెండు గుర్తింపు కార్డులు పట్టుకెళ్లండి.

పరీక్ష, ఆ తర్వాత

సాధారణంగా మొదట్లో చేసి చూపించే ప్రశ్నలు వస్తాయి. వైఫై సెట్టింగులు సరిచేయమనో, కేబుళ్లను సరైన చోట జతచేయమనో అడగొచ్చు. ఇవి సమయం తినేస్తాయి. ఫ్లాగ్ పెట్టి ముందుకెళ్లి, మిగతావి ముగించాక వెనక్కి రండి. తప్పు జవాబుకు మార్కులు తీసేయరు కాబట్టి దేన్నీ ఖాళీగా వదలొద్దు.

ఫలితం పరీక్ష ముగియగానే తెలుస్తుంది. స్కోర్ రిపోర్టులో మీరు తప్పిన అంశాలు ఆబ్జెక్టివ్స్ వారీగా ఉంటాయి. పాసైనా దాన్ని దాచుకోండి. ఫెయిలైతే రెండో ప్రయత్నానికి ఎదురుచూడాల్సిన గడువేమీ లేదు, వోచర్ మాత్రం మళ్లీ కొనాలి. మూడో ప్రయత్నం నుంచి 14 రోజుల విరామం తప్పనిసరి. గడువు లేదు కదా అని మర్నాడే వెళ్లకండి. ఆ రిపోర్టులోని అంశాలు మీరు టిక్ పెట్టిన ప్రింట్‌లో ఎక్కడున్నాయో వెతకండి. టిక్ పెట్టిన అంశమే తప్పితే అది కంఠస్థం చేసినదన్నమాట, దాన్నే మళ్లీ మొదటి నుంచి చదవాలి.

రెండు పేపర్లూ అయ్యాక సర్టిఫికెట్, కంపెనీలు సరిచూసుకునే కోడ్ మీ ఖాతాలో దొరుకుతాయి. చెల్లుబాటు మూడేళ్లు. నిలుపుకోవడానికి ఆలోగా 20 నిరంతర విద్య యూనిట్లు (కోర్సులు, శిక్షణల వంటి వాటికి లెక్కగట్టేవి) సంపాదించి రుసుము కట్టాలి. నెట్‌వర్క్ ప్లస్ పాసైతే ఏ ప్లస్ కూడా దాంతోపాటే రెన్యువల్ అవుతుంది.