గాలం పాఠాలు – 4: పండుగప్ప అడుగు గాలానికి దారం, లీడరు, సీసం

పోయిన పాఠంలో తొమ్మిదడుగుల కర్ర, 5000 సైజు స్పిన్నింగ్ రీలు దగ్గర ఆగాం. ఇప్పుడు రీలుకు ఎక్కించే దారం, దాని కొసన కట్టే సామాన్ల సంగతి చూద్దాం.

చిత్తూరు చెరువుల్లో పిండిముద్దతో రోహు, మృగాల పట్టినవాళ్లకు అడుగు గాలం కొత్తేమీ కాదు. సీసంతో ఎరను నేలకు దించి, దారం బిగువు గమనిస్తూ కూర్చోవడమే. ఆ చేపల నోట్లో దవడ పళ్లుండవు కాబట్టి సన్న నైలాన్ దారం కొసకే గాలం కట్టేసినా నడిచిపోతుంది. పండుగప్ప దగ్గర ఆ పప్పులు ఉడకవు. స్వర్ణముఖి మన తిరుపతి పక్కగా పారి, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి వాకాడు వైపు వెళ్లి సముద్రంలో కలుస్తుంది. అలాంటి మొగల్లో, ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసేచోట తిరిగే చేప ఇది. దీని దవడలు ఆకురాయిలా గరుకుగా ఉంటాయి. అంతకంటే ప్రమాదం మొప్పల మీది డిప్ప. దాని అంచు అజాగ్రత్తగా పట్టుకుంటే మన వేళ్లనే కోసేస్తుంది. గాలం తగిలిన చేప నీళ్లలోంచి ఎగిరి తల విదిలించినప్పుడు, దారం ఆ అంచుకు ఒరుసుకుందంటే తెగిపోయినట్టే.

అందుకే ఈ పాఠాన్ని చేప నోటి దగ్గర మొదలుపెట్టి రీలు వైపు వెనక్కి నడుపుతాను. షాపుకెళ్లి "గట్టి దారం ఒకటి ఇయ్యన్నా" అని అడిగేవాళ్లే ఎక్కువ. అన్న ఇచ్చే దారం గట్టిదే కావచ్చు. కానీ చేప నోటి దగ్గర ఉండేది ఆ దారం కాదు, లీడరు, అంటే రీలు దారానికీ గాలానికీ మధ్య కట్టే మందపాటి దారం ముక్క. డబ్బు తక్కువుంటే రీలు దారంలో తగ్గించుకోండి, లీడరులో మాత్రం వద్దు.

లీడరుకు 40 నుంచి 50 పౌండ్ల దారం సరిపోతుంది. అంటే సుమారు 18 నుంచి 23 కిలోల లాగుడు దాకా తెగనిది, మందం 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల వరకు. మనం అంత బరువున్న చేపను పట్టబోతున్నామని కాదు, ఒరిపిడిని తట్టుకునే మందం కావాలని. పొడవు 45 నుంచి 60 సెంటీమీటర్లు. అంతకు మించితే విసిరేటప్పుడు మెలిపడుతుంది. స్టీలు తీగ వాడమని కొందరు చెబుతారు, నేనైతే వద్దంటాను. పండుగప్పవి కొరికి తుంచే పళ్లు కావు. బిరుసు తీగ కట్టామంటే ఎర సహజంగా కదలదు.

ఇక ఫ్లోరోకార్బనా, నైలానా? షాపుల్లో చెప్పే మాట, ఫ్లోరోకార్బన్ నీళ్లలో కనిపించదని. అందులో కొంత నిజముంది. వెలుగును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం నీటికి 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42, నైలాన్‌ది 1.5 పైనే. నీటికి దగ్గరగా ఉన్నదే తక్కువ కనిపిస్తుంది. కానీ వానల తర్వాత మొగలో నీళ్లు ఎర్రగా, బురదగా ఉన్నప్పుడు ఈ తేడా ఎవరికి కావాలి? నీళ్లు తేటగా ఉండే రోజులకు ఫ్లోరోకార్బన్ పెట్టుకోండి, మిగతా రోజులకు మందపాటి నైలాన్ చాలు. సాంద్రత 1.78 (నీటిది 1) ఉండడం వల్ల ఫ్లోరోకార్బన్ త్వరగా మునిగి నేలకు అంటుకుని ఉంటుంది. అడుగు గాలానికి నిజంగా పనికొచ్చే గుణం ఇది. నైలాన్ సాంద్రత 1.14 మాత్రమే.

ఒక అలవాటు చేసుకోండి. చేప తగిలిన ప్రతిసారీ, రాయికి ఒరుసుకున్న ప్రతిసారీ, గాలం దగ్గర నుంచి పైకి ఒక జానెడు లీడరును బొటనవేలి గోరుకూ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా లాగండి. నున్నగా జారితే సరే. గోరుకు ఎక్కడైనా చిన్న గరుకు తగిలితే ఆ ముక్క కత్తిరించి కొత్తగా ముడి వేయండి. కంటికి కనిపించని గాటు గోటికి తెలుస్తుంది. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపడం మర్చిపోవద్దు. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది.

గాలం 5/0 లేదా 6/0 సైజు సర్కిల్ హుక్, అంటే మొన లోపలికి వంగిన గాలం. దీనితో చేప అందుకోగానే కర్రను ఝాడించకూడదు. దారం బిగుసుకునే దాకా ఆగి, రీలు తిప్పుకుంటూ పోతే మూతి మూలన అదే దిగుతుంది. చెరువు అలవాటున్నవాళ్ల చేతులు ఆగవు, అదే దీనితో చిక్కు.

ఇప్పుడు సీసం. మొదట నేర్చుకోవాల్సింది జారుడు సీసం అమరిక. రీలు నుంచి వచ్చే దారానికి నడుమ రంధ్రమున్న సీసం, దాని వెనక ఒక ప్లాస్టిక్ పూస ఎక్కించి, కొసన స్వివెల్ (రెండు వైపులా కన్నుండి, మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు ముక్క) కట్టాలి. స్వివెల్ అవతలి కంటికి లీడరు, లీడరు కొసకు గాలం. చేప ఎర అందుకుని కదిలినా దారం సీసంలోంచి జారిపోతుంది కాబట్టి దానికి బరువు తెలియదు. పూస లేకపోతే సీసం వచ్చి ముడి మీదే కొట్టుకుంటుంది.

బరువెంత అంటే, నేల మీద నిలిచేంత. అంతకు మించి వద్దు. మొగ లోపల నీళ్లు నెమ్మదిగా ఉంటే 30 గ్రాములు. అలలున్న ఒడ్డున 60 నుంచి 90. గుండ్రటి సీసం ఇసుకలో దొర్లిపోతుంది, పిరమిడ్ ఆకారంది దిగబడుతుంది. రాళ్లు, పాత కట్టడాలు ఉన్నచోట సీసాన్ని దారానికి నేరుగా ఎక్కించకండి. దారం మీద ఒక చిన్న జారుడు క్లిప్పు పెట్టి, దానికి 10 పౌండ్ల సన్న దారం ముక్కతో సీసాన్ని వేలాడదీయండి. ఇరుక్కుంటే ఆ ముక్క తెగి సీసం ఒక్కటే పోతుంది, చేప మిగులుతుంది.

రీలు దారం ఎంచుకోవడం దీనంత కష్టం కాదు. కొత్తవాళ్లకు 20 పౌండ్ల నైలాన్ చాలు. అది బాగా సాగుతుంది. ఎగిరి తల విదిలించే చేపతో ఆ సాగుడు మనకు మేలే. నేసిన పీఈ (పాలిథిలిన్) దారం దాదాపు సాగదు, అదే బలానికి చాలా సన్నగా ఉంటుంది, దూరం పోతుంది, దూరాన చేప ముట్టుకున్నా చేతికి తెలుస్తుంది. కానీ రాయికి తగిలితే తట్టుకోదు. సాంద్రత 0.97 కాబట్టి తేలుతుంది కూడా. పొరపాట్లను క్షమించేది నైలానే. పీఈకి తర్వాత వెళ్లొచ్చు. డబ్బా మీద పౌండ్లతో పాటు మందం కూడా చూడండి. ఒకే మందానికి రెండింతల బలం రాసిన నైలాన్‌ను నమ్మొద్దు.

ఒడ్డున బరువు సీసం విసిరేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. విసురులో దారం తెగితే 90 గ్రాముల సీసం ఎవరి తలకైనా తగలొచ్చు. ఆదివారం తూపిలిపాళెం ఒడ్డున స్నానాలకు వచ్చినవాళ్లు, పిల్లలు ఉంటారు. అందుకే రీలు దారానికి ముందు షాక్ లీడరు, అంటే విసురు కుదుపును తట్టుకునే మందపాటి దారం, కలపాలి. లెక్క సులువు. ఔన్సు సీసానికి 10 పౌండ్లు. 90 గ్రాములంటే సుమారు మూడు ఔన్సులు, కాబట్టి కనీసం 30 పౌండ్ల దారం. కర్రకు రెండింతల పొడవుంటే విసిరే సమయానికి రీలు మీద దాని చుట్లు కొన్ని మిగులుతాయి.

డ్రాగ్‌ను, అంటే ఎంత లాగుడుకు రీలు దారం వదలాలో పెట్టే బిగువును, చేతి అంచనాతో పెట్టకండి. సామాన్ల సంచి తూచే కొక్కెపు డిజిటల్ తక్కెడ ఒకటి కొనుక్కోండి. దారం కొసను దానికి కట్టి, కర్ర ఎత్తి లాగండి. 20 పౌండ్లంటే 9 కిలోలు, అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు. అంటే రెండున్నర కిలోల దగ్గర రీలు దారం వదలాలి. మొదటిసారి చూసినవాళ్లకు ఇది మరీ వదులనిపిస్తుంది. ఒక్కసారి తక్కెడ పట్టి చూస్తే గాని, రెండున్నర కిలోల లాగుడు ఎంతో చేతికి తెలియదు.

కత్తిరించిన దారం ముక్కలు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేయండి. నేలపట్టు గూడబాతులు, పులికాట్ కొంగలు అవే నీళ్లలో మేస్తాయి. పులికాట్ పక్షుల అభయారణ్యంలో గాలం వేయొద్దు. చెరువులకు, ప్రాజెక్టులకు చేపల పాట పాడుకున్నవాళ్లుంటారు, వాళ్లను అడిగాకే దిగండి.

వచ్చే పాఠం ముడులది. స్వివెల్‌కు యూని ముడి, షాక్ లీడరుకు డబుల్ యూని నేర్చుకుందాం. అప్పటికి 40 పౌండ్ల నైలాన్ చిన్న చుట్ట, నాలుగు స్వివెల్స్, పూసలు, ఆ తక్కెడ సిద్ధం చేసుకోండి. కట్టిన ప్రతి ముడినీ తక్కెడకు తగిలించి ఎంత బరువు దగ్గర తెగుతుందో రాసుకుంటాం. తెగిన దారం ఎగిరి కంట్లో పడకుండా కళ్లద్దాలు కూడా ఉంచుకోండి.