మానిటర్ తగిలించినా తీసినా విండోలు చెదరకుండా ఉండాలంటే

వారంలో కొన్ని రోజులు రుషికొండలోని ఆఫీసులోనూ, మిగతా రోజులు ఎంవీపీ కాలనీలోని ఇంట్లో పెద్ద మానిటర్ ముందూ పనిచేసేవారికి ఈ ఇబ్బంది బాగా తెలుసు. కేబుల్ తీయగానే, పక్కపక్కన పేర్చుకున్న విండోలన్నీ ల్యాప్‌టాప్ తెర మీద ఒకదానిపై ఒకటి పడతాయి, మళ్లీ తగిలించినా ఒక్కోసారి తమ చోటికి వెళ్లవు. కరెంటు పోయినప్పుడూ ఇంతే. మానిటర్ ఆరిపోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది కనుక, రెండో తెర ఇక లేదనుకొని విండోలను తన దగ్గరికి తెచ్చుకుంటుంది.

విండోస్ 11లో ముందుగా సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్, డిస్‌ప్లే, మల్టిపుల్ డిస్‌ప్లేస్ అనే వరుసలో వెళ్లాలి. అక్కడ ఈ పనికి పనికొచ్చే, టిక్ పెట్టే గడులు రెండు ఉంటాయి. మొదటిది మానిటర్ కనెక్షన్‌ను బట్టి విండోల స్థానాలను గుర్తుపెట్టుకుంటుంది, రెండోది మానిటర్ తీసినప్పుడు దాని మీద ఉన్న విండోలను టాస్క్‌బార్‌లోకి దించుతుంది. రెండోదాన్ని కూడా ఉంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే పెద్ద తెరకు సరిపడా పరిచిన విండో చిన్న తెర మీద ఇరుక్కోకుండా దిగి ఉండి, మానిటర్ తిరిగి రాగానే తన చోట తెరుచుకుంటుంది.

అయితే ఈ జ్ఞాపకం నిలవాలంటే మానిటర్‌ను ప్రతిసారీ ఒకే పోర్టుకు, ఒకే కేబుల్‌తో తగిలించాలి. నిన్న హెచ్‌డీఎంఐ, ఈరోజు టైప్-సి అయితే, సిస్టమ్ దాన్ని కొత్త అమరికగా భావించవచ్చు. పోర్టు పక్కన చిన్న స్టిక్కర్ అంటించుకుంటే ఇంట్లో ఎవరు తగిలించినా పొరపాటు జరగదు. డిస్‌ప్లేపోర్ట్ రకం కేబుల్ వాడేవారు మరొకటి గమనించాలి. కొన్ని మానిటర్లు నిద్రలోకి వెళ్లినా, బటన్ నొక్కి ఆపినా కేబుల్ పీకేసినట్టే లెక్క. అలాంటి మానిటర్ మెనూలో డీప్ స్లీప్ అనే ఎంపిక ఉంటే దాన్ని ఆపి చూడాలి.

ఇన్ని చేసినా విండో తప్పిపోతే, ఆల్ట్, ట్యాబ్ నొక్కి దాన్ని ఎంచుకొని, విండోస్ కీ, షిఫ్ట్, ఎడమ లేదా కుడి బాణం కలిపి నొక్కితే అది పక్క తెర మీదికి వస్తుంది. విండోస్ కీతో పి నొక్కితే ల్యాప్‌టాప్ తెర మాత్రమే, రెండింటిలో ఒకటే దృశ్యం, విస్తరించిన తెర, రెండో తెర మాత్రమే అనే నాలుగు ఎంపికలు వస్తాయి. పెద్ద తెరను మూడు నాలుగు భాగాలుగా విభజించుకొని పనిచేసేవారు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ అనే యాప్‌లోని ఫ్యాన్సీజోన్స్ అనే సాధనాన్ని వేసుకోవచ్చు. తెర రిజల్యూషన్ మారినా విండోలను వాటి భాగాల్లోనే ఉంచే ఎంపిక అందులో ఉంది.

మ్యాక్‌లో డాక్‌లోని యాప్ గుర్తుపై కుడి క్లిక్ చేసి, ఆప్షన్స్‌లో దాన్ని ఫలానా తెరకు కేటాయించవచ్చు.

ఇక కరెంటు సంగతి. మానిటర్ ప్లగ్గును కూడా యూపీఎస్‌కే తగిలించాలి. కరెంటు నుంచి మామూలు ఇన్వర్టర్‌కు మారే క్షణంలో కొన్ని మానిటర్లు ఒకసారి ఆరి వెలుగుతాయి, విండోలు చెదరడానికి ఆ క్షణం చాలు.