లేత ఎండ సరిపోదమ్మాయిలూ: విటమిన్ డి పెంచుకోవాలంటే

హైదరాబాద్‌లో ఇంత ఎండ కాస్తుంటే నాకు విటమిన్ డి 11 రావడమేంటని రిపోర్టు పట్టుకుని ల్యాబ్ మెట్ల మీదే కూర్చున్నా. మిల్లీలీటరు రక్తంలో 20 నానోగ్రాముల కంటే తక్కువుంటే లోపం కిందే లెక్క. మరి స్కూటీ ఎక్కేముందు మొహానికి చున్నీ, మోచేతుల దాకా గ్లౌజులు, ఆ తర్వాత రోజంతా ఏసీ గది, ఇంటికొచ్చేసరికి చీకటి, ఇంక ఎండ తగిలేదెక్కడ?

పొద్దున్నే లేత ఎండలో నిలబడమని అమ్మలు చెబుతారు. హాయిగానే ఉంటుంది కానీ విటమిన్ డి తయారవ్వాలంటే యూవీబీ కిరణాలు (ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఓ రకం) కావాలి, పొద్దున, సాయంత్రం అవి మన దాకా పెద్దగా రావు. అందుకే నీడ చూసుకోండి. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే పనికొచ్చే ఎండే, అంటే సుమారు పది నుంచి మూడు మధ్య. చేతులు, పాదాలు కనపడేలా ఓ 20 నిమిషాలు, చామనఛాయ, నలుపు వాళ్లయితే ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే చర్మంలోని మెలనిన్ ఆ కిరణాలను ఆపేస్తుంది. చర్మం చురుక్కుమనేదాకా ఉండక్కర్లేదు, మే నెలలో అయితే పదింటికే కానిచ్చేయండి. మొహం నల్లబడుతుందని టెన్షన్ ఉంటే మొహం వరకు కప్పుకోండి. కిటికీ పక్క సీటుతో లాభం లేదు, అద్దం యూవీబీని రానివ్వదు.

తిండితోనే సరిపెడదామంటే కష్టం. జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2020లో చెప్పిన లెక్క రోజుకు 600 యూనిట్లు, ఒక గుడ్డు పచ్చసొనలో ఉండేది 40 దాకా. కానగంతల్లాంటి కొవ్వు చేపలు, +ఎఫ్ గుర్తున్న (అంటే విటమిన్లు కలిపిన) పాల ప్యాకెట్లు కొంత నయం. ఒళ్లు ఎక్కువుంటే డి కొవ్వులో చేరి రక్తంలో తక్కువగా కనిపిస్తుంది, కొన్ని ఫిట్స్ మందులూ తగ్గిస్తాయి, ఇవి డాక్టరుకు చెప్పండి.

డాక్టరు 60,000 యూనిట్ల సాచెట్ రాస్తే అది మామూలుగా వారానికి ఒకటి. నా రూమ్మేట్ లోపం తొందరగా తగ్గాలని రోజుకొకటి తాగేసింది, నాలుగో రోజు చూసి నేనే లాక్కున్నా! అలా ఎక్కువైతే కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీ సమస్యలు వస్తాయి. ఖాళీ కడుపుతో కాకుండా నెయ్యో నూనో ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. మళ్లీ టెస్టు మూడు నెలలయ్యాకే, ఈలోపు చేయిస్తే డబ్బు దండగ.